విరాటరాజు పరీక్ష

వాన మొహం చాటేసిన ఏడాది ఊళ్లో విరాటపర్వం చదివించడం తెలుగు పల్లెల్లో పాత ఆనవాయితీ. కరవుకు అలవాటుపడిన రాయలసీమలో ఈ నమ్మకం మరీ గట్టిది. ధర్మరాజు ఉన్న చోట సకాలంలో వానలు కురుస్తాయని ఆ పర్వంలో భీష్ముడు చెబుతాడు. అందుకే ఆ సీమలోని రాజంపేట చుట్టుపక్కల పెద్దవాళ్లకు అజ్ఞాతవాసం కథ పుస్తకం పట్టకుండానే వచ్చు. వాన కోసం వినే ఆ కథలో వానతో సంబంధం లేని ఘట్టం ఒకటుంది. ప్రపంచంలో పలు దేశాలు ఇవాళ తగవు పడుతున్న ప్రశ్న అక్కడ నేరుగా ఎదురవుతుంది.

జడ వేసుకుని, చేతులకు శంఖపు గాజులు తొడుక్కుని, చీరకట్టులో ఒక మనిషి విరాటుడి కొలువుకు వస్తాడు. పేరు బృహన్నల. నాకు ఆటపాటలు వచ్చు, మీ అమ్మాయి ఉత్తరకు నేర్పుతాను, అంతఃపురంలో చోటివ్వండి అని అడుగుతాడు. విరాటుడు వేషం చూసి తరిమేయలేదు, వేషం చూసి తలుపూ తీయలేదు. వ్యాసుడి కథలో రాజు ముందు విద్య చూశాడు. తర్వాత మంత్రులతో ఆలోచించాడు, స్త్రీల చేత పరీక్ష చేయించాడు. అంతా అయ్యాకే పిల్లలున్న చోటికి పంపాడు. పరాయి మనిషి శరీరాన్ని అలా పరీక్షించడాన్ని నేటి చట్టమూ ఒప్పుకోదు, నేటి మర్యాదా ఒప్పుకోదు. అయినా ఆడపిల్ల చదువుకునే చోటికి వెళ్లే మనిషి ఎవరో ముందుగా తెలుసుకోవాలన్న తండ్రి బాధ్యత ఆ కథలో స్పష్టంగా ఉంది.

ఇప్పుడు లోకంలో జరుగుతున్నది చూద్దాం. మగవాళ్లు ఆడవేషం కట్టి, రంగు దట్టంగా పూసుకుని వేదికమీద ఆడిపాడే ప్రదర్శనను పడమటి దేశాల్లో డ్రాగ్ అంటారు. 2015లో శాన్‌ఫ్రాన్సిస్కోలో కొందరు ఈ కళాకారుల చేత గ్రంథాలయాల్లో చిన్నపిల్లలకు కథలు చదివించడం మొదలుపెట్టారు. ఆ కార్యక్రమం ఇతర ఊళ్లకూ, బ్రిటన్‌కూ పాకింది. పిల్లలకు తేడాలను గౌరవించడం నేర్పుతున్నామని నిర్వాహకులు చెప్పారు. రాత్రిపూట మద్యశాలల్లో పెద్దలకోసం జరిగే ఆటను పసిపిల్లల ముందుకు ఎందుకు తెస్తున్నారని మరికొందరు నిలదీశారు. 2023లో అమెరికాలోని టెనెసీ రాష్ట్రం ఇలాంటి ప్రదర్శనలకు హద్దులు పెడుతూ చట్టం చేస్తే, ఆ ఏడాదే ఒక ఫెడరల్ న్యాయమూర్తి దాన్ని కొట్టేశారు. మరుసటి ఏడు పై కోర్టు ఆ తీర్పును తిప్పేసింది.

కేకల మధ్య రెండు సంఘటనలను మాత్రం నిదానంగా చూడాలి. 2019లో హ్యూస్టన్ నగర గ్రంథాలయంలో పిల్లలకు కథలు చదివినవారిలో ఒకరికి అంతకుముందే పిల్లలపై లైంగిక నేరానికి శిక్ష పడిందని బయటపడింది. పూర్వాపరాలు తనిఖీ చేయలేదని గ్రంథాలయం ఒప్పుకుని క్షమాపణ చెప్పింది. 2020 ఫిబ్రవరిలో స్కాట్లాండ్‌లోని పెయిస్లీ పట్టణంలో ఒక ప్రాథమిక పాఠశాలకు స్థానిక ఎంపీతో పాటు ఒక డ్రాగ్ కళాకారుడు వచ్చాడు. అతని సామాజిక మాధ్యమ ఖాతాలో పిల్లలు చూడకూడనివి ఉన్నాయని తల్లిదండ్రులు మండిపడ్డారు. ఆ సంగతి తమకు ముందు తెలియదని అధికారులు చెప్పాల్సి వచ్చింది. రెండు చోట్లా విరాటుడు చేసిన పని ఎవరూ చేయలేదు. వచ్చినవాళ్లు చీరలో ఉన్నా, ప్యాంటు చొక్కాలో ఉన్నా ఆ లోపం అలాగే ఉండేది.

రాజంపేట బడులకు డ్రాగ్ కళాకారులు రావడం లేదు. అలాగని ఆడవేషం ఇక్కడి పిల్లలు చూడని వింతా కాదు. కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో వనారస గోవిందరావు మొదలుపెట్టిన నాటక సమాజం తొలిగా ఆడింది కీచకవధ. అదీ విరాటపర్వం కథే. ఆ సురభి వాళ్లు స్త్రీ పాత్రలకు స్త్రీలనే దించి, ఇంటిల్లిపాదీ పిల్లాజెల్లా రంగస్థలం మీదే బతికారు. మిగతా తెలుగునేల మీద మాత్రం చాలాకాలం ఆడపాత్రలన్నీ మగవాళ్లవే. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామగా, చింతామణిగా, మధురవాణిగా తెర ముందుకొస్తే జనం మైమరచిపోయేవారు. 1956లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. కూచిపూడిలో పుట్టిన ప్రతి మగపిల్లవాడూ జీవితంలో ఒక్కసారైనా భామవేషం కట్టాలన్నది సిద్ధేంద్రయోగి పెట్టిన నియమమని ఆ ఊరివాళ్లు చెబుతారు. 2012లో కన్నుమూసిన వేదాంతం సత్యనారాయణ శర్మను సత్యభామగా చూసినవాళ్లు ఆ జడ విసురును ఇప్పటికీ చెప్పుకుంటారు. చిత్తూరు జిల్లా ధర్మరాజుల గుళ్లలో పగలు భారతం హరికథ, రాత్రి వీధినాటకం. అక్కడా ద్రౌపది మీసం తీసిన మగమనిషే. ముందు వరసలో చాపల మీద కూర్చుని చూసేది పిల్లలే.

దీనికి అభ్యంతరం చెప్పినవాడు రాయలసీమలోనే ఉన్నాడు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని పట్టుబట్టి, చదువుకున్న ఆడవాళ్లను రంగస్థలం ఎక్కించాడు. ఆయన వాదన స్త్రీల చోటు స్త్రీలకు ఇవ్వమని. మగవాడు చీర కడితే పిల్లలు చెడిపోతారన్న భయంతో ఆయన ఆ పని చేయలేదు.

రాజంపేట నుంచి రైలెక్కితే అందే తిరుపతిలో తాతయ్యగుంట గంగమ్మ జాతర ఏటా మే నెలలో జరుగుతుంది. మొక్కుకున్న మగవాళ్లు చీరలు కట్టి, పూలు పెట్టుకుని, గాజులేసుకుని వీధుల్లో నడుస్తారు. తల్లులు తమ చిన్నకొడుకులకు తామే పావడాలు కట్టి, జడ కుచ్చులు పెట్టి అమ్మవారి దగ్గరికి తీసుకెళ్తారు. దీని వెనకున్న కథ అందరూ గుర్తుపెట్టుకోదగ్గది. ఆ సీమను ఏలిన పాలెగాడు కొత్త పెళ్లికూతుళ్లను చెరిచేవాడట. గంగమ్మ మీద కన్నేసేసరికి ఆమె ఉగ్రరూపం చూసి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం కట్టింది. చివరికి దొరవేషంలో వెళితే, తన దొర వచ్చాడనుకుని బయటపడ్డాడు. తల తెగింది. ఆడపిల్లలను చెరిచే అధికారిని చంపిన తల్లిని తలుచుకుంటూ మగవాళ్లు ఆడవేషం కడుతున్నారన్నమాట. ఈ దేశంలో వేషానికీ పిల్లల రక్షణకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఇంత సూటిగా చెప్పే ఆచారం మరొకటి దొరకడం కష్టం.

తాళ్లపాక రాజంపేట పక్కనే ఉంది. పదిహేనో శతాబ్దంలో ఆ ఊరివాడు అన్నమయ్య శృంగార సంకీర్తనల్లో వందలసార్లు స్త్రీ గొంతుతో స్వామిని పిలిచాడు, అలిగాడు, వేడుకున్నాడు. జీవుడు స్త్రీ, పురుషుడు ఒక్కడే భగవంతుడు అన్న భక్తి భావన దానికి పునాది. ఆ స్వామి కూడా తిరుమల బ్రహ్మోత్సవాల్లో అయిదో రోజు ఉదయం మోహినిగా పల్లకిలో ఊరేగుతాడు. చంకన బిడ్డల్ని పెట్టుకుని వచ్చినవాళ్లు చేతులు జోడించి చూస్తారు. పురుషుడు స్త్రీ రూపం ధరించడమే పాపమని చెప్పే వాదానికి వైష్ణవంలో ఆధారం దొరకదు. అర్ధనారీశ్వరుణ్ణి కొలిచే శైవంలో అసలే దొరకదు.

ఇంతవరకూ చెప్పింది నిజమే అయినా, మన సంప్రదాయంలో ఉంది గనుక బడిలోనూ ఉండొచ్చని తేల్చేయడం పొరపాటు. గంగమ్మ జాతరలోనే బండవేషం కట్టినవాళ్లు నోటికొచ్చిన బూతులు తిడతారు. ఆ వారంలో, ఆ వీధిలో, అమ్మవారి ఎదుట దానికో అర్థం ఉంది. ఒకటో తరగతి గదిలో ఉండదు. స్థానం వారి చింతామణి వేశ్య. ఆ నాటకం ఆరేళ్ల పిల్లలకోసం రాసింది కాదు. పెద్దలకోసం ఆడే డ్రాగ్ ప్రదర్శనలోని ద్వంద్వార్థాలూ అంతే. ఏ వయసుకు ఏది తగును అని తల్లిదండ్రులు అడిగితే, అది ద్వేషం కాదు. ఆ ప్రశ్న కూచిపూడినీ అడగాలి, బడి వార్షికోత్సవాల్లో ఏడేళ్ల ఆడపిల్లల చేత నడుం తిప్పిస్తూ వేయించే సినిమా పాటలనూ అడగాలి. నిజానికి రాయలసీమ పట్నాల్లో పిల్లలకు తగని ప్రదర్శన ఏదైనా బడిలో జరుగుతోందంటే అది ఆ సినిమా పాటే. దాన్ని చూస్తూ అమ్మానాన్నలు ఫోన్లలో వీడియోలు తీస్తారు.

మళ్లీ విరాటుడి ఇంటికి. అదే పర్వంలో ఒక ఘోరం జరిగింది. దాన్ని చేసింది బృహన్నల కాదు. రాణి సుదేష్ణ తమ్ముడు, రాజ్యానికి సేనాపతి కీచకుడు. సైరంధ్రి పేరుతో పనిచేస్తున్న ద్రౌపది మీద కన్నేశాడు. ఆమె వద్దని మొత్తుకున్నా, కల్లు తెమ్మన్న సాకుతో రాణే ఆమెను తమ్ముడి ఇంటికి పంపింది. తప్పించుకుని సభలోకి పరుగెత్తిన ఆమెను వెంటబడి కాలితో తన్నాడు. సింహాసనం మీదున్న విరాటుడు అతణ్ణి అడ్డుకోలేదు. పరాయివాడైన నాట్యగురువును అన్ని విధాలా పరీక్షించిన రాజే సొంత బావమరిదిని నిలదీయలేకపోయాడు. ఒకడు వేషం కట్టిన అపరిచితుడు, మరొకడు ఇంటివాడు. కొత్త వేషం మీద అనుమానం తేలిగ్గా పుడుతుంది. హోదా మీద పుట్టదు. పిల్లలు ప్రమాదంలో పడేది అక్కడే.

ఇది పురాణ కాలక్షేపం కాదని లెక్కలు చెబుతున్నాయి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం 13 రాష్ట్రాల్లో 12 వేలకు పైగా పిల్లలను అడిగి చేసింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామని 53 శాతం పిల్లలు చెప్పారు. వేధించినవాళ్లలో సగంమంది ఆ పిల్లలకు తెలిసినవాళ్లు, లేదా వాళ్లు నమ్మకం పెట్టుకున్న స్థానాల్లో ఉన్నవాళ్లు. మగపిల్లలు కూడా ఆడపిల్లలతో సమానంగా, కొన్ని చోట్ల ఎక్కువగా బాధితులని ఆ నివేదికే బయటపెట్టింది. 2012లో వచ్చిన పోక్సో చట్టం దీన్ని గుర్తించింది. బడి యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవాడు, మత సంస్థ యాజమాన్యంలోనో సిబ్బందిలోనో ఉన్నవాడు అక్కడి బిడ్డ మీద అఘాయిత్యం చేస్తే దాన్ని మరింత తీవ్రమైన నేరంగా లెక్కగట్టింది. చట్టం పేరుపెట్టి చెప్పిన ప్రమాదస్థానాల్లో పోలీసు, సైన్యం, ఆసుపత్రి, బడి, గుడి ఉన్నాయి. వేషం లేదు.

హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక పేరున్న బడిలో 2022లో నాలుగేళ్ల పాప మీద అఘాయిత్యం చేసింది ప్రిన్సిపాల్ దగ్గర పనిచేసే డ్రైవర్. తరగతి గదుల దాకా అతణ్ణి ఆపేవాళ్లు లేరు. మరుసటి ఏడు ఏప్రిల్‌లో కోర్టు అతనికి 20 ఏళ్ల జైలుశిక్ష వేసింది. రోజూ కనిపించే మనిషి గనుక ఎవరికీ అనుమానం రాలేదు.

మత విశ్వాసం ఉన్నవాళ్లు దీన్ని రామాయణంలోనూ చూడొచ్చు. రాజంపేటకు కాస్త దూరంలోనే ఒంటిమిట్ట కోదండరాముడి గుడి. ఆ రాముడి కథలో అన్నిటికన్నా ప్రమాదకరమైన మారువేషం ఏది? రావణుడు పది తలలతో వచ్చి ఉంటే సీతమ్మ తలుపు వేసుకునేది. కాషాయం కట్టి, కమండలం పట్టి, భిక్షకుడై వచ్చాడు. ఆమె ఆసనం వేసి కూర్చోబెట్టింది. గౌరవించడం అలవాటైన వేషమే ఆమె జాగ్రత్తను కరిగించింది. కర్నూలు, బళ్లారి సీమల్లో బసివిరాళ్ల పేరుతో ఆడపిల్లలను దేవుడికి వదిలిన కాలంలోనూ ఇదే జరిగింది. పసుపుతాళి, అమ్మవారి పేరు, పెద్దల దీవెన అన్నీ ఉన్నాయి గనుక అది పిల్లలమీద జరుగుతున్న హింస అని ఊరికి తోచలేదు. ఆ దురాచారం మీద ఆంధ్రప్రదేశ్ 1988లో చట్టం చేసింది.

వేషం చూసి భయపడి చట్టం చేస్తే ఏమవుతుందో కూడా తెలుగువాళ్లకు అనుభవమే. నిజాం రాజ్యంలో 1919లో హిజ్రాల మీద ఒక చట్టం చేశారు. వాళ్ల పేర్లు రిజిస్టరులో రాయించాలి. బహిరంగంగా ఆడదుస్తుల్లో కనిపించినా, ఆడినా పాడినా వారెంటు లేకుండా పట్టుకుపోవచ్చు. పదహారేళ్లలోపు మగపిల్లవాడు వాళ్ల దగ్గర ఉంటే నేరం. ఈ మాటలన్నీ బ్రిటిష్‌వాళ్లు 1871లో చేసిన నేరస్థ తెగల చట్టం నుంచి వచ్చినవే. పిల్లలను ఎత్తుకుపోతున్నారన్నది దానికి చెప్పిన కారణం. ఒక మనిషి ఏ నేరం చేశాడో చూడకుండా, ఎలా ఉన్నాడో చూసి మొత్తం సమూహాన్నే నేరస్థుల కింద జమకట్టారు. నిజాం నాటి ఆ చట్టం 2023 జులై దాకా తెలంగాణ చట్టాల పుస్తకంలో ఉంది. వైజయంతి వసంత మొగ్లి తదితరులు వేసిన పిటిషన్ మీద హైకోర్టు అది రాజ్యాంగ విరుద్ధమని కొట్టేసింది. ఆ చట్టం బడిలో, గుడిలో, సొంతింట్లో దెబ్బతిన్న బిడ్డల్లో ఎవరినీ కాపాడేలా రాసింది కాదు. దాని చూపంతా చీరమీదే ఉంది.

అయితే వేషం కట్టిన కళాకారుడికి బాధ్యత ఏమీ లేదా? ఉంది. దాన్ని బృహన్నలగా ఉన్న అర్జునుడే చెప్పాడు. అజ్ఞాతవాసం ముగిసింది, నిజం తెలిసింది. పట్టరాని సంతోషంతో విరాటుడు ఉత్తరను పెళ్లి చేసుకోమన్నాడు. అర్జునుడు కాదన్నాడు. ఏడాదంతా అంతఃపురంలో ఆ పిల్లతో ఉన్నాను, ఆమె నన్ను తండ్రిలా, గురువులా నమ్మింది, ఇప్పుడు నేనే పెళ్లాడితే లోకం అనుమానించడంలో న్యాయం ఉంటుంది, నా కొడుకు అభిమన్యుడికి ఇవ్వండి, కోడలిగా స్వీకరిస్తాను అన్నాడు. ఉత్తర అప్పటికే ఎదిగిన పిల్ల. అడిగింది తండ్రి, అప్పటి లోకం తప్పుపట్టేది కాదు. అయినా గురువుగా దక్కిన నమ్మకాన్ని మరో దానికి వాడుకోకూడదని అతను తనకు తానే గీత గీసుకున్నాడు. పిల్లల రక్షణ గురించి ఇవాళ తయారవుతున్న నియమావళులన్నీ పేజీలకొద్దీ చెప్పేది ఇదే: పిల్లల ముందున్న పెద్దవాడి చేతిలో అధికారం ఉంటుంది, దాని హద్దు పెద్దవాడే ఎరగాలి.

పిల్లల దగ్గరికి ఎవరు వస్తున్నారన్నది మతాన్నిబట్టీ, దుస్తులనుబట్టీ తేల్చే విషయం కాదు. రాజంపేటలో ఒక ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు వార్షికోత్సవానికి వీధినాటకం వాళ్లను పిలిచినా, హిజ్రా సంఘం నుంచి ఒకరిని మాట్లాడమన్నా, యోగా గురువునో పాస్టరుగారినో మౌల్వీగారినో రమ్మన్నా అడగాల్సినవి ఒక్కటే. ఈ మనిషి పూర్వాపరాలు ఎవరు చూశారు? ఏం ఆడబోతున్నారో, ఏం చెప్పబోతున్నారో అయ్యవార్లు ముందుగా చూశారా? తల్లిదండ్రులకు కబురందిందా? వచ్చినవాళ్లతో పిల్లలు ఒంటరిగా ఉండే సందర్భం ఒక్క నిమిషమైనా ఉందా? నచ్చని బిడ్డ లేచి బయటికి వెళ్లొచ్చా? 2017లో గురుగ్రామ్ బడిలో ఒక పిల్లవాడి హత్య తర్వాత సీబీఎస్‌ఈ తన బడుల సిబ్బందికి పోలీసు తనిఖీ తప్పనిసరి చేసింది. సర్కారు బడి, సందులోని ట్యూషన్ సెంటరు, వేసవిలో నడిచే భజన తరగతులు కూడా ఆ పని చేయాలి. నేరం జరిగిందని తెలిసీ ఫిర్యాదు చేయని హెడ్మాస్టరు పోక్సో చట్టం కింద తానే శిక్షార్హుడు. బడి పరువు పోతుందని కప్పెట్టే అలవాటున్న ఊళ్లలో ఈ సంగతి గోడమీద పిల్లల సహాయ నంబరు 1098 పక్కనే రాసిపెట్టాలి.

ఒక గంట వచ్చి వెళ్లే అతిథి గురించి ఇంత చర్చ జరుగుతుంటే, ఏడాదంతా బెంచీ మీద కూర్చునే బిడ్డ ఒకడు పట్టకుండా పోతున్నాడు. నడకలోనో మాటలోనో ఆడపిల్లలా ఉన్నాడని తోటివాళ్లు ఏడిపించే పిల్లవాడు. కొన్నిచోట్ల అయ్యవార్లే ముందు నవ్వుతారు. 2011 జనాభా లెక్కల్లో స్త్రీ పురుష కాలమ్‌లు కాకుండా ‘ఇతరులు’గా నమోదైనవాళ్లు దేశంలో దాదాపు 4.88 లక్షలు, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 43 వేలకు పైగా. దేశం మొత్తమ్మీద వీళ్లలో ఆరేళ్లలోపు పిల్లలే దాదాపు 55 వేలమంది. వీళ్లలో అక్షరాస్యత 56 శాతం, దేశ సగటు దాదాపు 73. మధ్యలో బడి మానేసిన పిల్లవాడు ఊరొదిలి బస్టాండుల్లో, రైళ్లలో తేలతాడు. అక్కడ వాణ్ణి ఏ హెడ్మాస్టరూ కాపాడలేడు. ఇలాంటి పిల్లలతో బడి ఎలా మెలగాలో చెబుతూ 2021 నవంబరులో ఎన్‌సీఈఆర్‌టీ ఉపాధ్యాయులకోసం ఒక శిక్షణ పుస్తకాన్ని తన వెబ్‌సైటులో పెట్టింది. మరుగుదొడ్లు, యూనిఫాం, ఏడిపింపులు ఇలాంటివన్నీ అందులో ఉన్నాయి. అది పిల్లల మనసుల్ని గందరగోళపరుస్తుందని జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు వెళ్లింది. కొద్దిరోజుల్లోనే పుస్తకం వెబ్‌సైటు నుంచి మాయమైంది. అందులో తప్పులుంటే దిద్దాల్సింది. మొత్తంగా తీసేయడంతో, వెక్కిరింపులు పడలేక ఆరో తరగతిలో సంచి సర్దుకునే పిల్లవాణ్ణి ఎలా ఆపాలని అడిగే అయ్యవారి చేతిలో ఏమీ మిగల్లేదు.